నోవహు ఓడకు ప్రయాణం

అమెరికా వెళ్ళి ఏం చూసి వచ్చావని మా ఊళ్ళో చాలామంది అడుగుతున్నారు. ఆకాశాన్నంటే మేడలు చూశాను. అవతలి ఒడ్డు కనిపించని మిషిగన్ సరస్సు చూశాను. కానీ నా మనసులో నిలిచిపోయింది నాలుగు రోజుల ఒక చిన్న ప్రయాణం. ఆ ప్రయాణం కంటే కూడా, దానికోసం ఆ ఇంట్లో ఆరు వారాలపాటు జరిగిన ఏర్పాట్లు. పిల్లలు గల తల్లిదండ్రులకు పనికి వస్తుందేమోనని ఈ సంగతి రాస్తున్నాను.

మా అబ్బాయి కుటుంబం చికాగో నగరానికి కొంచెం ఎడంగా ఉంటుంది. వాడిది ఆఫీసు ఉద్యోగం. కోడలు ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. మనవడికి పదకొండేళ్ళు, మనవరాలికి ఆరు. 2024 మే నెలలో నేను వెళ్ళేసరికి పిల్లలిద్దరి నోటా ఒకటే మాట: "నానమ్మా, ఈ సెలవుల్లో డెల్స్ వెళ్దాం."

డెల్స్ అంటే విస్కాన్సిన్ డెల్స్. చికాగోకు వాయవ్యంగా కారులో సుమారు మూడు గంటల దూరంలో, విస్కాన్సిన్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పక్కనే లేక్ డెల్టన్ అనే మరో గ్రామం. రెండూ కలిపినా మన మండల కేంద్రమంత ఉండవు గాని, వేసవి వచ్చిందంటే జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వస్తారు. కారణం అక్కడి నీటి పార్కులు. ఎత్తైన గొట్టాల్లోంచి నీళ్ళతోపాటు జారడం, రబ్బరు చక్రం మీద తేలుతూ పోవడం, పెద్ద కొలనులో కృత్రిమంగా పుట్టించే అలల్లో ఎగరడం. వాటిలో అన్నిటికంటే పెద్దది 1979లో మొదలైంది, దాదాపు డెబ్బై ఎకరాలు. దాని పేరేమిటో తెలుసా? నోవహు ఓడ! చలికాలంలో మంచు కురిసినా ఆడుకునేలా పైకప్పు వేసిన నీటి పార్కులు కూడా 1990ల నుంచి అక్కడి హోటళ్ళలో ఒకదాని వెనుక ఒకటి వెలిశాయి.

ఇదంతా విని నేను సంతోషించలేదు. మొదటి అభ్యంతరం డబ్బు అన్నాను. హోటలు గదికి రోజుకు మూడు వందల డాలర్ల పైచిలుకు. వేళ్ళమీద లెక్క కట్టి, "ఒక్క రాత్రి పడుకోవడానికి పాతికవేలా?" అన్నాను. తరువాత తిండి అన్నాను. తరువాత బట్టలన్నాను. చివరికి, "నీళ్ళలో ఆడుకోవడానికి అంత దూరం ఎందుకు? మా ఊరి కాలువలో పైసా ఖర్చు లేకుండా ఈదేవాళ్ళు పిల్లలు" అని కూడా అనేశాను.

అబ్బాయి అన్నం కలుపుతూ తలెత్తి నావైపు చూశాడు. ఏమీ అనలేదు. ఎందుకంటే వాణ్ణి ఏనాడూ ఆ కాలువలో దిగనివ్వలేదు నేను. ఒకసారి స్నేహితులతో వెళ్ళాడని తెలిసి చింతబరికెతో కొట్టాను. వాడికి నలభై ఏళ్ళు దాటినా ఈత రాదు. అప్పుడు చిన్నది అన్నంముద్ద నములుతూ, "నాన్నకి నీళ్ళంటే భయం నానమ్మా. అందుకే మమ్మల్ని ఈత క్లాసులో చేర్చలేదు" అంది. కోడలు లేచి గిన్నెలు సర్దసాగింది. ఆ విషయంలో భార్యాభర్తల మధ్య మూడేళ్ళుగా మాటామాటా నడుస్తున్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోడలికి డ్యూటీ లేదు. వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఒక నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. మంచినీళ్ళు ఇచ్చి, "అత్తయ్యా, మీకు డబ్బు గురించి కాదు కదా?" అని అడిగింది.

అప్పుడు చెప్పాను. మాది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. తుపాను సంగతి ఆ తరం వాళ్ళందరికీ తెలుసు. ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయింది. వేలమంది పోయారు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మా తమ్ముడికి ఆరు. నాన్న మమ్మల్నిద్దరినీ తుమ్మచెట్టు మీదికి ఎక్కించి, అమ్మకోసం వెనక్కి వెళ్ళాడు. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఒక చేత్తో కొమ్మను, ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకున్నాను. రెండోసారి నీళ్ళు లేచినప్పుడు నా చేతిలో వాడి చొక్కా మాత్రం మిగిలింది. నాన్నా అమ్మా బతికి వచ్చారు. వాడెక్కడని వాళ్ళు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఈ మాట మావారికి తప్ప ఎవరికీ వివరంగా చెప్పలేదు. కన్నకొడుకుకు కూడా, "నీకో మేనమామ ఉండేవాడు, తుపానులో పోయాడు" అని మాత్రమే చెప్పాను. నేను నా భయాన్ని దాచుకున్నాననుకున్నాను. నిజానికి దాన్ని వాడికి ఇచ్చాను. వాడు తన పిల్లలకు ఇస్తున్నాడు.

కోడలు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తరువాత, "అయితే ఈ ప్రయాణం మానేద్దామా, సరిగ్గా చేద్దామా? మీరే చెప్పండి అత్తయ్యా" అంది. తెల్లవారేదాకా ఆలోచించి, సరిగ్గా చేయమన్నాను.

మరునాడు ఆ నోటుపుస్తకంలో కొత్త పేజీ మొదలైంది. మొట్టమొదటి వరుస హోటలు గురించి కాదు. ఆ ఊరి ఈతకొలనులో పిల్లలిద్దరికీ ఈత పాఠాలు, వారానికి రెండు రోజులు. దాని కింద, పెద్దవాళ్ళ క్లాసులో మా అబ్బాయి పేరు. వాడు మొదటి రోజు బయల్దేరేటప్పుడు పరీక్షకు వెళ్ళే పిల్లవాడిలా ఉన్నాడు. నేను గుమ్మందాకా వచ్చి, "ఒరేయ్, వెళ్ళు. నేనే చెబుతున్నాను" అన్నాను. అంతకంటే మాట రాలేదు.

ఇక ఖర్చు సంగతి. శుక్ర, శనివారాల్లో అద్దెలు ఎక్కువ గనుక, ఆదివారం ఆరాధన ముగిశాక బయల్దేరి బుధవారం తిరిగి రావాలని నిర్ణయించారు. కొన్ని హోటళ్ళలో గది తీసుకున్నవారికి ఆ హోటలు నీటి పార్కుకు వేరే టిక్కెట్టు అక్కర్లేదు. కనుక గది అద్దె ఒక్కటే చూడకుండా, టిక్కెట్టు, పన్నులు, అదనపు రుసుములు అన్నీ కలిపి చూడాలి. చౌక గది తీసుకుని టిక్కెట్లు విడిగా కొంటే ఖరీదు ఎక్కువైంది! చిన్న వంటగది ఉన్న గది ఎంచుకుని, రైస్ కుక్కరు, పప్పు, ఆవకాయ సీసా సర్దుకున్నాం. పిల్లలు రైలు కావాలన్నారు. చికాగో నుంచి సెయింట్ పాల్ వెళ్ళే బొరియాలిస్ అనే కొత్త రైలు ఆ మే నెలలోనే మొదలైంది, డెల్స్‌లో ఆగుతుంది కూడా. కాని ఐదుగురికి కారే కలిసి వచ్చింది.

జారుడు గొట్టాలు ఎక్కాలంటే వయసు కాదు, ఎత్తు చూస్తారు. కొన్నిటికి 42 అంగుళాలు, పెద్దవాటికి 48. మా చిన్నదాని ఎత్తు 45. ప్రతి ఉదయం తలుపు చట్రానికి ఆనుకుని మునివేళ్ళమీద నిలబడి, "నానమ్మా, గీత గియ్యి" అనేది. మడమలు నేలకు ఆనించి గీసేదాన్ని. ఆరు వారాల్లో పావు అంగుళం కూడా పెరగలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆఖరి పేజీ. నర్సుగా తనకు తెలిసిన విషయం కోడలు మాకందరికీ చెప్పింది. నీళ్ళలో మునిగిపోయే పిల్లలు చాలాసార్లు కేకలు వెయ్యరు, చేతులు ఊపరు. నిశ్శబ్దంగా మునుగుతారు. పదిమంది పెద్దవాళ్ళు పక్కనే ఉన్నా ప్రమాదం జరుగుతుంది, ఎందుకంటే ఒకరు చూస్తున్నారులే అని మరొకరు అనుకుంటారు. కనుక వంతులు వేసింది. పదిహేను నిమిషాలకు ఒకరు. ఆ వంతులో ఉన్నవారు ఫోను చూడకూడదు, ముచ్చట్లు పెట్టకూడదు, కళ్ళు పిల్లలమీదే ఉండాలి. లైఫ్‌గార్డులు ఉన్నా సరే. వంతుల పట్టికలో నా పేరు కూడా రాసింది. "అత్తయ్యా, మీ అంత జాగ్రత్తగా ఎవరూ చూడరు" అంది. నా భయానికి ఒక పని దొరికిందనిపించింది.

నాకోసం నీళ్ళలో దిగనవసరం లేని చోట్లు రెండు వెతికింది. ఒకటి బారబూ దగ్గరున్న కొంగల కేంద్రం. 1973లో స్థాపించారు. ప్రపంచంలోని పదిహేను జాతుల క్రౌంచపక్షులనూ అక్కడ చూడవచ్చు. మన ఉత్తరాది పొలాల్లో తిరిగే ఎర్రతల సారసం కూడా ఉంది. మనిషంత పొడుగున్న ఆ పక్షిని పరాయిదేశంలో చూసి బంధువును చూసినట్టు మురిసిపోయాను.

రెండోది నది మీద పడవ ప్రయాణం. రెండువైపులా పొరలు పొరలుగా ఇసుకరాతి గోడలు. మంచుయుగం చివరలో అక్కడొక మహా సరస్సు ఉండేదట. దానికి అడ్డుగా ఉన్న మంచుగడ్డ తెగి, నీళ్ళన్నీ ఒక్కసారిగా విరుచుకుపడి ఈ లోయను కోశాయట. అంటే ఇంతమంది ఆడుకునే ఆ చోటును చేసింది కూడా ఒక ఉప్పెనే! ఆ నేల హో-చంక్ అనే జాతివారిది. ప్రభుత్వం వారిని ఎన్నిసార్లు తరిమినా మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చారని చెప్పారు. ఉప్పెన తరువాత మావాళ్ళు ఆ ఉప్పునేలకే తిరిగి వెళ్ళి ఇళ్ళు వేసుకోవడం గుర్తొచ్చింది. ఒకచోట విడిగా నిలిచిన రాతిస్తంభం ఉంది. 1886లో బెన్నెట్ అనే ఫోటోగ్రాఫరు, తన కొడుకు కొండమీదినుంచి దానిమీదికి గెంతుతుండగా ఫోటో తీశాడు. ఆ ఫోటో ఆ ఊరికి పేరు తెచ్చింది. ఇప్పుడు మనుషుల్ని గెంతనివ్వరు, శిక్షణ పొందిన కుక్క గెంతి చూపిస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ పిల్లవాడి తల్లి గురించి ఆలోచించాను.

మంగళవారం నోవహు ఓడకు వెళ్ళాం. అలల కొలను ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. గోడ వెనుక గదుల్లో గాలిని బలంగా తోసి అలలు పుట్టిస్తారని, కొంతసేపయ్యాక ఆపేస్తారని మనవడు ముందే వివరించాడు. "మీట నొక్కితే ఆగిపోతుంది నానమ్మా" అన్నాడు. మా ఉప్పెనకు మీట లేదురా అనుకున్నాను గాని పైకి అనలేదు.

బూర మోగింది. అబ్బాయి ఛాతీలోతు నీళ్ళలో కొడుకు పక్కన నిలబడి ఉన్నాడు. కోడలు వంతు, కళ్ళు తిప్పడం లేదు. చిన్నది లైఫ్ జాకెట్ వేసుకుని నా వేలు పట్టుకుంది. చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టుకుని ఒడ్డున, చీలమండలు తడిసేంతవరకు దిగాను. అల దూరంనుంచి లేచి, వస్తూ వస్తూ తగ్గి, నురగై నా పాదాలకు తగిలి వెనక్కి పోయింది. నలభై ఏడేళ్ళ తరువాత మొదటిసారి అల ముందు నిలబడ్డాను.

తమ్ముడి సంగతి ఆ రోజే చిన్నదానికి చెప్పాను. నీ అంతే ఉండేవాడన్నాను. అది కాసేపు ఆలోచించి, "చిన్న తాత ఎన్ని అంగుళాలు?" అని అడిగింది.

"నలభై ఐదు ఉంటాడేమోనమ్మా."

"అయితే జాకెట్ వేసుకుని మాతో రావచ్చు" అంది.

కుటుంబమంతా ఎక్కడికైనా వెళ్ళాలని అనుకునేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఎంత ఖర్చవుతుందని లెక్క వేసుకునే ముందు, ఇంట్లో ఎవరికి దేనివల్ల భయమో ఒక రాత్రి కూర్చుని మాట్లాడుకోండి. అక్కరలేని అభ్యంతరాలు ఎక్కువగా చెప్పే మనిషి మనసులో చెప్పుకోలేనిది ఏదో ఉండవచ్చు.

నేను తిరిగి వచ్చాక, మా ఊరి పిల్లలకు చెరువులో ఈత నేర్పమని మా మరిది కొడుకును అడిగాను. నడుముకు తాడు కట్టి, ఒడ్డుదగ్గర లోతు తక్కువ ఉన్నచోట, ఒకసారి ఇద్దరేసి చొప్పున నేర్పుతున్నాడు. గట్టుమీద వంతు నాది. ఫోను ఇంట్లో పెట్టి వెళతాను.