చదివింపుల పుస్తకానికి ఎక్కని కానుక

మన పెళ్లిళ్లలో భోజనాల హడావుడికి కాస్త పక్కగా ఒక బల్ల వేసి ఉంటుంది, గమనించారా? దాని వెనక, లెక్కల్లో గట్టివాడని పేరున్న బాబాయో మేనమామో కూర్చుని ఉంటాడు. ముందు ఒక నోటు పుస్తకం, పక్కన ఒక సంచి. ఫలానా ఊరు, ఫలానా వారు, అయిదు వందల పదహార్లు. పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతి వారంలో మరిచిపోతాం గానీ ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద ఏళ్ల తరబడి భద్రంగా ఉంటుంది. ఆ ఫలానా వారింటి నుంచి శుభలేఖ రాగానే బయటికొస్తుంది. మనకెంత చదివించారో చూసుకుని, దాని మీద కొంత వేసి మరీ ఇచ్చొస్తాం. తప్పు పట్టడం లేదండోయ్. ఒకరి సొమ్ము ఊరికే తిన్నారనిపించుకోకుండా పరువుగా బతికే పద్ధతి అది.

ఇలా పెరిగిన మనిషిని చర్చిలో కూర్చోబెట్టి, "నీకొక కానుక వచ్చింది. ఇచ్చినవాడు ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. నువ్వు తిరిగి ఇవ్వలేవు, ఇవ్వక్కర్లేదు కూడా" అంటే ఏం చేస్తాడు? పైకి ఆమెన్ అంటాడు. లోపల లెక్క వేసుకుంటూనే ఉంటాడు.

క్రైస్తవులు కృప అనేది ఈ కానుకనే. తెలుగు చర్చిలో ఒక ఆదివారం కూర్చుని చూడండి, ఆ మాట ఎన్నిసార్లు చెవిన పడుతుందో. సాక్ష్యం చెప్పడానికి లేచినవారు ఆయన కృపను బట్టి ఈ వారమంతా కాపాడబడ్డామని మొదలుపెడతారు. బస్సు దొరికితే కృప, తప్పిపోతే అందులోనూ కృపే. ఇంతగా నోట నానిన మాట ఇంకొకటి లేదు. ఇంత తక్కువగా నమ్మే మాట కూడా ఇంకొకటి లేదేమోనని నా అనుమానం. ఎందుకంటారా? అదే సాక్ష్యం రెండో నిమిషంలోకి వచ్చేసరికి ఇన్ని రోజుల ఉపవాసం, ఇన్ని గంటల ప్రార్థన, ఇంత కానుక అని జాబితా మొదలవుతుంది. అవన్నీ చేశాను కాబట్టే అబ్బాయికి ఉద్యోగం వచ్చిందంటారు. ఇంకేముంది, కృప కాస్తా జీతమైపోయింది.

మన వాళ్లనే ఎందుకు అనడం, యేసు శిష్యులు మాత్రం తక్కువ తిన్నారా? మత్తయి సువార్త 19వ అధ్యాయంలో పేతురు సూటిగా అడిగేస్తాడు: అన్నీ వదిలేసి నీ వెంట వచ్చాం కదా, మరి మాకేం దొరుకుతుంది? పాపం, చేపల బేరం చేసిన మనిషి, అడక్క ఏం చేస్తాడు! దొరికేది చాలానే ఉందని యేసు మాట ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోక, ఆ వెంటనే ఒక కథ చెప్పాడు. ద్రాక్షతోట కూలీల కథ. అది 20వ అధ్యాయంలో ఉంటుంది గనక చాలామంది ఆ ప్రశ్ననూ ఈ కథనూ కలిపి చదవరు. కలిపి చదవాలి.

తోట యజమాని పొద్దున్నే అడ్డా మీదికి వెళ్లి, రోజుకు ఒక దేనారం అని మాట్లాడుకుని కొందరిని పనికి పిలుచుకొస్తాడు. ఆ కాలంలో అది ఒక రోజు కూలి. తొమ్మిదింటికి మళ్లీ వెళ్లి ఇంకొందరిని తెస్తాడు. పన్నెండింటికి, మూడింటికి కూడా అంతే. పని ముగిసేది ఆరింటికైతే, అయిదింటికి మళ్లీ వెళ్తాడు. ఇంకా అక్కడే నిలబడ్డవాళ్లను చూసి, పొద్దున్నుంచీ ఖాళీగా ఎందుకున్నారని అడుగుతాడు. మమ్మల్ని ఎవరూ పిలవలేదని వాళ్ల జవాబు.

ఆ జవాబు దగ్గర కాస్త ఆగుదాం. మన ఊళ్లలో ఏ అడ్డా దగ్గరైనా పొద్దున్నే నిలబడి చూడండి. కండలున్న కుర్రాళ్లు ముందుగా ఆటో ఎక్కి వెళ్లిపోతారు. ఎండెక్కాక మిగిలేది ముసలివాళ్లు, దగ్గేవాళ్లు, కాలు ఈడ్చేవాళ్లు, చంటిపిల్లను ఎత్తుకుని వచ్చిన తల్లి. అయిదింటిదాకా నిలబడ్డవాళ్లు ఇలాంటివాళ్లని కథలో లేదు, అది నా ఊహ. కానీ సోమరులైతే ఏ మధ్యాహ్నానికో ఇంటికి పోయి పడుకునేవాళ్లు కాదూ?

సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు యజమాని ఇంకో పని చేశాడు. చివర వచ్చినవాళ్లకు ముందు ఇమ్మన్నాడు. ఒక్క గంట చేసినవాడి చేతిలో పూర్తి దేనారం పడింది. వరసలో వెనక నిలబడి చూస్తున్న పొద్దుటివాళ్లకు ఆశ పుట్టింది, తమకు ఇంకెంత వస్తుందోనని. వాళ్లకూ దేనారమే వచ్చింది. గొడవ మొదలైంది. పగలంతా ఎండలో మాడినవాళ్లం, మమ్మల్నీ వీళ్లనూ ఒక్క గాటన కడతావా అని.

వాళ్లకే ముందు ఇచ్చి పంపేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు, చేతికొచ్చింది తీసుకుని సంతోషంగా ఇంటికెళ్లేవాళ్లు. యజమాని కావాలనే వాళ్లు చూసేలా ఇచ్చాడు. కథంతా ఆ వరసలోనే ఉంది. నిజం చెప్పొద్దూ, కార్మిక సంఘం పెట్టిన పంచాయితీ అయితే నేను పొద్దుటివాళ్ల వైపే మాట్లాడతాను. అలాగని వాళ్ల కూలిలో యజమాని పైసా కోయలేదు, మాట తప్పలేదు. వాళ్ల బాధల్లా పక్కవాడికి వచ్చిందే. ఒక దేనారం లేకపోతే ఆ రాత్రి పక్కవాడి ఇంట్లో పొయ్యి వెలగదు, ఆ సంగతి మాత్రం వాళ్లకు పట్టలేదు.

ఈ పొద్దుటివాళ్లు పాలస్తీనాలోనే కాదు, మన ఒంగోల్లోనూ ఉన్నారు. జాన్ ఎవరెట్ క్లౌ పేరు ప్రకాశం జిల్లావారికి కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, అంతకుముందు సర్వేయరు. 1866లో ఒంగోలు చేరాడు. తొలి రోజుల్లో పై కులాలవారు ఆయన పట్ల ఆదరంగానే ఉన్నారు, పిల్లల్ని బడికి పంపారు. ఈలోగా తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగవాడు, తోళ్ల వ్యాపారి, అప్పటికే యోగసాధన చేసి ఉన్నవాడు. ఆయన వెంట ఆయనవాళ్లు రాసాగారు. పెద్దలు క్లౌ దొర దగ్గరికి వచ్చి, వీళ్లను చేర్చుకుంటే మేం రాలేమన్నారు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో ఏం చేయాలో తోచక బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు తెరుచుకుందని ఆయన ఆత్మకథలో ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 1వ అధ్యాయం. మీలో గొప్ప వంశంవారు ఎందరున్నారు, ఎవరూ అతిశయపడకుండా లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఏరుకున్నాడు అనే భాగం. యాదృచ్ఛికమంటారా, అనండి. ఆయన మాత్రం పెద్దల మాట కాదన్నాడు, వాళ్లు దూరమయ్యారు.

ఊరి చివర గుడిసెలో పుట్టడమే నీ పాత అప్పుకు చెల్లింపు అని తరతరాలుగా విన్న మనిషికి, నీ పేరున అప్పే లేదు అన్న కబురు ఎలా వినబడి ఉంటుందో ఊహించండి. నాకు తెలిసి మన తెలుగు నేల మీద కృప అన్న మాటకు అంత బరువు పడిన సందర్భం ఇంకొకటి లేదు.

అసలు సంగతి ఆ తరవాత వచ్చింది. 1876-78లో మద్రాసు రాజధానిని పీల్చేసిన కరువు. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే క్లౌ దొర మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని కరువు కూలీలతో చేయించాడు. పాత సర్వేయరు కదా, గొలుసు పట్టడం తెలిసినవాడు. పని పెట్టాడు, కూలి ఇచ్చాడు, సాయంత్రాలు ఆయన బోధకులు కథలు చెప్పారు. బాప్తిస్మం కావాలని జనం అడిగారు. ఇవ్వనన్నాడు. కరువు పని నడిచినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చినవారెవరో, దేవుడి కోసం వచ్చినవారెవరో తెలియదు కదా, ముందు బియ్యం సంగతి తేలిపోనిమ్మని. సహాయం పని ముగిశాక, ఇక మా దగ్గర ఇచ్చేందుకు ఏమీ లేదు వెళ్లండని చెప్పినా జనం కదల్లేదు. చేతుల్లో బొబ్బలు చూపించి, మాకు డబ్బు అక్కర్లేదు, కష్టపడి బతుకుతాం, బాప్తిస్మం ఇవ్వండని అడిగారట.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు రోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536. బియ్యం కోసం మారారనే మాట ఇప్పటికీ ఎవరో ఒకరు విసురుతూనే ఉంటారు. అలా అనేవారు ఈ పదిహేను నెలల సంగతి వినలేదనుకుంటాను. చూడండి ఎంత తిరకాసో: కూడు పనికి బదులుగా ఇచ్చాడు, కృపను మాత్రం దేనికీ బదులుగా ఇవ్వకుండా కాపలా కాశాడు. దాంట్లోనూ కొంత పరీక్ష ఉందిగా అంటారా? ఉంది. ఊరికే వచ్చేదాన్ని ఊరికే ఇవ్వడం ఎంత కష్టమో ఆయనకే బాగా తెలిసి ఉండాలి.

కృప మీద పండితుల తగాదాలు పెద్దగా చెప్పను, టీ చల్లారిపోతుంది. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలేజియస్ అనే సన్యాసి, మనిషి తలచుకుంటే మంచిగా బతకగలడన్నాడు. ఆఫ్రికాలో హిప్పో నగర బిషప్ అగస్టీన్, ఆ తలచుకోవడం కూడా దేవుడు ఇస్తేనే అన్నాడు. 418లో కార్తేజి సభ అగస్టీన్ వైపు మొగ్గింది. 1517 అక్టోబరు 31న జర్మన్ సన్యాసి లూథర్ గొడవ మొదలైంది డబ్బుకు శిక్ష తగ్గింపు పత్రాలు అమ్మడం మీదనే. ఆ చీలిక తరవాత లూథరన్లు, కాథలిక్కులు ఈ విషయం మీద ఉమ్మడి ప్రకటనకు సంతకాలు పెట్టడానికి 482 ఏళ్లు పట్టింది, 1999లో, అదే తారీఖున. మన శ్రీవైష్ణవులు ఈ తగాదాను ఎంత ముద్దుగా పడ్డారో! తల్లికోతిని పిల్లే పట్టుకోవాలని మర్కట కిశోర న్యాయం చెప్పే వడగలైవారు ఒకవైపు, పిల్లను తల్లిపిల్లే నోట కరుచుకుపోతుందని మార్జాల కిశోర న్యాయం చెప్పే తెంగలైవారు ఇంకోవైపు. ఈ పోలికలు చూసే జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో భారతదేశపు కృపామతాన్నీ క్రైస్తవాన్నీ పక్కపక్కన పెట్టి 1930లో ఒక పుస్తకమే వేశాడు.

"అంతా ఉచితమైతే ఇక ఎవరైనా మంచిగా ఎందుకుంటారండీ?" అని మీరు అడగబోతున్నారు, నాకు తెలుసు. పౌలుకూ తెలుసు. రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఆ ప్రశ్న తనే వేసుకుని, అదేం మాట అన్నట్టు కొట్టిపారేస్తాడు. కానీ కొట్టిపారేస్తే పోయే ప్రశ్న కాదది. అమేజింగ్ గ్రేస్ పాట రాసిన జాన్ న్యూటన్‌నే తీసుకోండి. 1748లో సముద్రం మీద తుఫానులో చావు తప్పి దేవుణ్ణి తలుచుకున్నాడు. బాగానే ఉంది. ఆ తరవాత ఏం చేశాడు? బానిసల ఓడలకు కెప్టెనయ్యాడు! 1754 దాకా మనుషుల్ని గొలుసులతో కట్టి సముద్రం దాటించాడు, ఓడ పైన ప్రార్థనలు చేసుకుంటూనే. 1764లో పాదిరీ అయ్యాడు, 1773 కొత్త సంవత్సరం రోజు ఆరాధన కోసం ఆ పాట రాశాడు. బానిస వ్యాపారం ఘోరమని బహిరంగంగా, తన పాత్రతో సహా, పుస్తకం వేసింది 1788లో. తుఫానుకీ ఆ పుస్తకానికీ మధ్య నలభై ఏళ్లు. కృప ఒక్క క్షణంలో మనిషిని మార్చేస్తుందని చెప్పే ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు ఆ ఓడల అడుగున ఉన్నవాళ్లు గుర్తొస్తారు. వాళ్లకు ఆ నలభై ఏళ్లు ఎవరివ్వాలి?

జర్మన్ పాదిరీ డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో చవక కృప అని తిట్టింది ఇలాంటిదాన్నే. క్షమాపణ కావాలి, బతుకు మాత్రం మారకూడదు అనే బేరం. ఆయన్ను 1945 ఏప్రిల్ 9న హిట్లర్ ప్రభుత్వం ఉరి తీసింది కాబట్టి, ఖరీదు గురించి మాట్లాడే హక్కు ఆయనకుంది. అయితే ఖరీదైనదంటే కొనుక్కోవాల్సిందని ఆయన అనలేదు. ఆ తేడా పట్టుకోవడం కష్టమే, నేనూ మీతోపాటు ఆలోచిస్తున్నాను.

నాకు కష్టం అనిపించనిది ఒకటుంది. ఇంత విత్తనం వేస్తే నూరంతల పంట అని వేదికల మీద నుంచి కానుకలు అడిగే సభలు మన ఊళ్లలో ఎక్కువైపోయాయి. మొక్కుబడికి ఇంత, ప్రత్యేక ప్రార్థనకు ఇంత. లూథర్ కాలపు పత్రాలకన్నా ఇవి ఏ రకంగా మెరుగో నాకైతే తెలియదు. అది సువార్త కాదు, వ్యాపారం. మీకు తెలిసినవారెవరైనా అప్పు చేసి మరీ అలాంటి చోట కానుక వేయబోతుంటే వాదన పెట్టుకోకండి. మత్తయి 20వ అధ్యాయం తీసి చేతికివ్వండి, మొదటి పదహారు వచనాలు చదవమనండి. అయిదు నిమిషాల పని.