బుచ్ కాసిడీ చావలేదట!

2011లో వచ్చిన సినిమా ఇన్నేళ్లూ నా కంటపడకుండా ఎలా ఉండిపోయిందో! పేరు 'బ్లాక్‌థార్న్'. నిన్న రాత్రి చూశాను. పొద్దున లేవగానే ఉప్పు ఎడారి భాగం మళ్లీ పెట్టుకున్నాను.

కౌబాయ్ అంటే నాకు తెలిసింది 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ. టోపీ, తుపాకీ, దౌడు తీసే గుర్రం, అన్నిటికీ మించి ఆ పడుచు వయసు. ఆ వయసు కాస్తా దాటిపోయాక వాడు ఏమైపోతాడన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఈ సినిమా మొదలయ్యేదే అక్కడ.

అమెరికాలో బ్యాంకులూ రైళ్లూ దోచిన బుచ్ కాసిడీ నిజంగా బతికిన మనిషి. అసలు పేరు రాబర్ట్ లెరాయ్ పార్కర్. జోడీదారు సన్‌డాన్స్ కిడ్‌తో కలిసి దక్షిణ అమెరికాకు పారిపోయాడు. 1908 నవంబరులో బొలీవియాలోని శాన్ విసెంతె అనే గనుల ఊళ్లో సైనికులు చుట్టుముడితే ఇద్దరూ పోయారంటారు. 1969లో పాల్ న్యూమన్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ నటించిన సినిమా మాత్రం వాళ్లు తుపాకులతో బయటికి దూకిన క్షణంలోనే బొమ్మను ఆపేసింది. చావు చూపించలేదు. 1991లో ఆ ఊరి శ్మశానంలో తవ్వి తీసిన ఎముకలు కూడా వాళ్లవి కావని పరీక్షల్లో తేలింది. ఆ సందు చాలు, స్పెయిన్ దర్శకుడు మాటియో గిల్‌కి!

ఆయన కథలో ఇరవై ఏళ్లు గడిచాయి. జేమ్స్ బ్లాక్‌థార్న్ అనే మారుపేరుతో బొలీవియా కొండల్లో గుర్రాలు పెంచుకుంటున్నాడు బుచ్. కోరిక ఒక్కటే, ఇంటికి పోవాలి. ఎన్నడూ చూడని ఒక కుర్రాడికి ఉత్తరాలు రాస్తుంటాడు. ఉన్నదంతా ఊడ్చుకుని బయల్దేరితే, దారిలో ఎదువార్దో అనే స్పెయిన్ ఇంజనీరు కాల్పులకు దిగుతాడు. గుర్రం డబ్బుతో సహా పారిపోతుంది. గనుల కుబేరుడు పతిన్యో దగ్గర కొట్టేసిన 50,000 డాలర్లున్నాయి, వాటా ఇస్తానంటాడు ఎదువార్దో. ముసలాయన మళ్లీ తుపాకీ పడతాడు.

ఇక ఆ ఇద్దరూ దాటే ఉయుని ఉప్పు ఎడారి. పదివేల చదరపు కిలోమీటర్లకు పైనే, సముద్రమట్టానికి 3,650 మీటర్ల ఎత్తున. నేలంతా తెలుపు. ఉప్పు ఎండి పగిలిన గీతలు గిట్టల కింద ఎవరో ముగ్గు పెట్టినట్టు సాగిపోతుంటాయి. దాక్కోడానికి రాయి లేదు, చెట్టు లేదు. ఆ డబ్బు కోసం వెనక తరిమేవాళ్లు చుక్కల్లా కనబడతారు. ఆ చుక్కలు ఎంతకీ చెరిగిపోవు. తరుముకొచ్చేవాడు దగ్గరైతేనే భయమనుకునేదాన్ని. అంత దూరాన ఉండి కూడా ఇంత భయపెట్టొచ్చని నాకిప్పుడే తెలిసింది! ఛాయాగ్రాహకుడు హువాన్ రూయిజ్ అంచియాకి స్పెయిన్ వాళ్ల గోయా అవార్డు దక్కిందంటే దక్కదా మరి!

బుచ్‌గా వేసిన సామ్ షెపర్డ్ నాటక రచయిత కూడానట, 'బరీడ్ చైల్డ్'కి 1979లో పులిట్జర్ అందుకున్నాడు. మాటలు రాసేవాడు కాబట్టేనేమో, మాట్లాడకుండా ఉండటం ఆయనకు బాగా తెలుసు. గుర్రం మీద పోతూ తన గొంతుతోనే పాడతాడు. శ్రుతి శుద్ధంగా ఉందా లేదా అన్న ధ్యాసే రాలేదు నాకు.

ఆ డబ్బు అసలు ఎవరిదో తేలే ఘట్టం ఒకటుంది. గుట్టు విప్పను. బ్యాంకుల్నీ కంపెనీల్నీ దోచినవాడు కూడా ముట్టని సొమ్ము ఉంటుందని ఆ ముసలి కళ్లల్లో కోపం చూసి తెలుసుకోవాల్సిందే.

నన్ను కదిలించిన ఇంకో మనిషి మాకిన్లీ. ఒకప్పుడు పింకర్టన్ అనే డిటెక్టివ్ సంస్థ మనిషి. బుచ్ చావలేదని నమ్మి, బతుకంతా పోగొట్టుకుని, అదే దేశంలో తాగుబోతుగా మిగిలిపోయాడు. ఒకరోజు ఆ బుచ్చే కళ్లెదుట! ఆ పాత్ర వేసిన స్టీఫెన్ రియా ముఖంలో పగ కంటే ముందు నాకు సంతోషమే కనబడింది. తన మాటే నిజమైందని, తన కాలం మనిషి ఒకడు ఇంకా ఉన్నాడని.

షెపర్డ్ 2017లో పోయాడు. ఆయన నటించినవన్నీ చూడాలి. 1978 నాటి 'డేస్ ఆఫ్ హెవెన్' ముందు పెట్టుకుంటాను. అంతకంటే ముందు మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి 'బ్లాక్‌థార్న్' ఇంకోసారి చూడాలి, ఫోన్లో కాదు, టీవీలోనే.