పేరు పెట్టి పిలిస్తే పలికేదెవరు?

పీణ్యలో మా వీధి దాటితే అన్నీ షెడ్లే. లేత్‌ల మోత యెంత అలవాటయిందంటే, ఆదివారం అది ఆగితే మా యింట్లో యెవరికీ తోచదు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ దేశంనుంచి పైకి వెళ్ళిన ఆర్యభట్ట వుపగ్రహాన్ని యీ పీణ్య షెడ్లలోనే తయారు చేశారు. ఇస్రోవారి యిస్ట్రాక్ కేంద్రమూ యిక్కడే వున్నది. కనుక బోల్టుకూ ఆకాశానికీ యిక్కడ అట్టే దూరం లేదని బంధువుల దగ్గర కాస్త గొప్పలు చెప్పుకొంటూ వుంటాము.

మాదీ ఒక చిన్న షెడ్డు. మిల్లింగు అయిన జాబుల కొలతలు తీసే యంత్రం ఒకటి వున్నది. సూదివంటి ప్రోబు పైనుంచి దిగి జాబును తాకి కొలత చెపుతుంది. దాన్ని నడిపే ప్రోగ్రాం మా అమ్మాయి రాసింది. రాసిన భాష పేరు రస్ట్. ఇనుప పని చేసేచోట తుప్పు అనే పేరుగల భాషేమిటని మా బావగారు నవ్వారు. పేరు అట్లా వున్నా అది మహా పట్టుదల గల భాష. ప్రతి సంఖ్యకూ రకం తేలాలి: పూర్ణాంకమా, దశాంశమా, నాలుగు బైట్లదా, యెనిమిది బైట్లదా అని. ఒకటి కావలసినచోట మరొకటి యిస్తే ప్రోగ్రాం తయారే కాదు. మా నాయనమ్మ మడి కూడా యింత గట్టిది కాదు.

అయితే యంత్రాన్ని కదిలించే ఫంక్షన్లు మేము రాసినవి కావు. యంత్రం అమ్మినవారు వాటిని మూటగట్టి యిస్తారు. దాన్నే లైబ్రరీ అంటారు. ప్రోగ్రాం నడుస్తూ వుండగా ఆ మూట విప్పి, "ఫలానా పేరుగల ఫంక్షను యెక్కడున్నది?" అని అడగాలి. లినక్సులో డిఎల్‌సిమ్ అనేదాన్ని అడుగుతారు, విండోసులో గెట్‌ప్రాక్‌అడ్రస్ అనేదాన్ని. జవాబుగా వచ్చేది చిరునామా ఒక్కటే. అక్కడున్నది యెన్ని సంఖ్యలు తీసుకొంటుందో, యే రకంవి తీసుకొంటుందో ఆ చిరునామాలో రాసి వుండదు. పాత వెంకటేశ్వరరావుగారు ఖాళీచేసి వెళ్ళగా, అదే పేరుగల మరొకరు ఆ వాటాలో దిగారనుకోండి. పోస్టుమాన్‌కు తేడా యేం తెలుస్తుంది?

అంత మడిగల రస్టూ ఆ గడప దగ్గర ఆగిపోతుంది. ఇది ఫలానా రకం ఫంక్షనే అని రాసేవారే పూచీ పడాలి. పూచీ పడినచోట అన్‌సేఫ్, అంటే భద్రం కాదు, అనే మాట విధిగా రాయాలి. మాకీ పద్ధతి నచ్చింది. ఎవరి పూచీయో కాగితం మీద కనబడుతుంది.

పోయిన వేసవిలో యంత్రంవారు కొత్త లైబ్రరీ పంపారు. ప్రోబు బల్లకు యెంత యెత్తులో ఆగాలో చెప్పే ఫంక్షను పేరు మారలేదు. కాని పాతది యెనిమిది బైట్ల సంఖ్య తీసుకొనేది, కొత్తది నాలుగు బైట్లది. ఆ ముక్క వారెక్కడా చెప్పలేదు. మా ప్రోగ్రాం యెప్పటిలాగే 12.5 మిల్లీమీటర్లని పంపింది. 12.5ను యెనిమిది బైట్లలో రాస్తే సరుకంతా పై సగంలోనే వుంటుంది, కింది నాలుగు బైట్లూ వట్టి సున్నాలు. మామూలు ఇంటెల్ తరహా కంప్యూటరులో యీ రెండు రకాలూ ఒకే రిజిస్టరు గుండా వెళతాయి. కొత్త ఫంక్షను కింది సగమే చదువుకొన్నది. దానికి వినిపించింది సున్నా.

ప్రోబు ఆగవలసినచోట ఆగలేదు. జాబు సరిచేస్తున్న కుర్రవాడు సరిగ్గా అప్పుడే గుడ్డకోసం చెయ్యి వెనక్కి తీశాడు. సూది విరిగింది, వేళ్ళు దక్కాయి. తుమకూరు బస్సులో వచ్చే పిల్లవాడు వాడు. మర్నాటినుంచి తల్లి పంపలేదు. ఆమెను పిలిచి నచ్చచెప్పడానికి మాకు నోరు రాలేదు.

పెద్దవారికీ యిటువంటివి జరిగాయి. 1999 సెప్టెంబరు 23న అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని దగ్గర నష్టమయింది. భూమిమీది ఒక సాఫ్ట్‌వేరు పౌండు లెక్కలో యిచ్చిన అంకెలను అవతలివారు న్యూటన్ లెక్క అనుకొన్నారు. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. అంకె అంకెగానే చేరింది, దాని రకం మాత్రం దారిలో జారిపోయింది. 2014 సెప్టెంబరు 24న మన మంగళయాన్ అంగారకుని కక్ష్యలో చేరినప్పుడు దాన్ని నడిపింది యీ యిస్ట్రాక్‌నుంచే. వారు అంకెలను యెంత కాచుకొని వుంటారో అని యిప్పుడు అనిపిస్తుంది.

అమ్మాయి రెండు రాత్రులు కూర్చుని తిరగరాసింది. అన్‌సేఫ్ మాటలన్నీ ఒకే ఫైలులోకి చేర్చింది. ప్రోగ్రాంలో మరెక్కడనుంచీ లైబ్రరీని నేరుగా పిలవడానికి వీల్లేదు. మూట విప్పగానే నీవెన్నో కూర్పువని అడుగుతుంది, తెలియని కూర్పయితే అక్కడే ఆపేస్తుంది. మోటార్లకు కరెంటు యివ్వకముందు 12.5 పంపి, వేరే ఫంక్షనుతో దాన్నే తిరిగి చదివిస్తుంది. మూట కట్టేసిన తరువాత పాత చిరునామాకు కబురు పంపడమనే ప్రమాదం మరొకటి వున్నది. దానిని మాత్రం రస్టే పట్టుకోగలదట, చిరునామాను మూటకు ముడివేసి వుంచితే. చదివి చెప్పే ఫంక్షను కూడా మారితే యేం చేస్తావని మేమడిగాము. అందుకే కూర్పు ముందు అడుగుతున్నానన్నది. కూర్పు సంఖ్య మార్చడమే వారు మరిచిపోతే? దానికింకా ఆలోచిస్తున్నది. రకం మారిస్తే పేరూ మార్చండని యంత్రంవారికి వుత్తరం రాశాము. చూస్తామన్నారు.

పొద్దున్నే రెండు నిమిషాలు దండగని బావగారి గొణుగుడు. మేము పట్టించుకోవడం లేదు. శ్రావణంలో కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. తెరమీద 12.5 తిరిగి కనబడేదాకా జాబు దగ్గరికి చెయ్యి పోనివ్వడు.