మంచు ఎడారిలో మెరిసే ముఖం

జనవరి ఉదయం. లేహ్ బజారులోని ఓ చిన్న బ్యూటీ పార్లర్. కుళాయిలో నీళ్లు గడ్డకట్టుకుపోవడంతో బుఖారీ పొయ్యి మీద గిన్నెలో మంచు కరుగుతోంది. అద్దం ముందు కూర్చున్న పెళ్లికూతురి కోరిక ఒక్కటే: "వారంలో పెళ్లి అక్కా, ముఖం మెరిసిపోవాలి."

బ్యుటీషియన్ ఆమె చెంపలు తడిమి చూసింది. ఎర్రగా కంది, గరుకుగా పొలుసులు లేచి ఉన్నాయి. స్టీమ్, స్క్రబ్, బ్లీచ్, ప్యాక్ అన్నీ కలిసిన ఖరీదైన ఫేషియల్‌కు అమ్మాయి డబ్బుతో సహా సిద్ధంగా ఉంది. పర్యాటకులు లేని చలికాలంలో అలాంటి బేరం తగలడమే అరుదు. అయినా ఆమె తల అడ్డంగా ఊపింది. "బ్లీచ్ వద్దమ్మా. స్క్రబ్ అసలే వద్దు."

కారణం ఊరి గాలిలోనే ఉంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాది మొత్తంలో పడే వాన, మంచు కలిపినా 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంత పొడిగాలి చర్మంలోని తేమను పీల్చేస్తుంది. ఇంట్లోకి వస్తే బుఖారీ వేడి మిగిలినదీ లాగేస్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. కొత్తగా పడిన మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అంటే ఎండ పైనుంచే కాదు, కింది నుంచీ కాలుస్తుంది. చలిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

చర్మం పై పొరలో కణాలను అంటిపెట్టి ఉంచేవి కొవ్వు పదార్థాలు. అవి తరిగిపోయిన ముఖంపై ఆవిరి పట్టి రుద్దితే ఉన్న కాస్త కాపుదలా పోతుంది. ఆపైన బ్లీచ్ పడితే మంట, మచ్చ మిగులుతాయి. మసాజ్‌తో రక్తప్రసరణ పెరిగి వచ్చే నిగారింపు ఒకట్రెండు రోజుల ముచ్చటే.

అమ్మాయి ఊరుకోలేదు. తెల్లబడే క్రీమ్ ఒకటి స్నేహితురాలు ఇచ్చిందని సంచిలోంచి తీసింది. బ్యుటీషియన్ ట్యూబుపై అక్షరాలు చదివి పక్కన పెట్టేసింది. అందులో స్టిరాయిడ్ ఉంది. ఇలాంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో ఆంక్ష పెట్టినా వాటి వాడకం ఆగలేదు. వాడినన్నాళ్లు మెరుపు, ఆపేస్తే ఎరుపు. పోనుపోను చర్మమే పలచబడిపోతుంది.

చివరికి ఆ రోజు జరిగింది చాలా చిన్న ఫేషియల్. నురగ లేని క్లెన్సర్, గోరువెచ్చని నీళ్లు, తేమ పట్టించే ప్యాక్, తడి ఆరకముందే చిక్కటి క్రీమ్. ఆ పైన అరచేతిలో రెండు చుక్కల నేరేడుపండు రంగు కాదు, బంగారు రంగు నూనె. లడఖ్ ఇళ్లలో ఆప్రికాట్ గింజల నుంచి తీసే ఈ నూనెను అమ్మమ్మలు చలికి పగిలిన చెంపలకు రాసేవారు. ఇక రోజూ సన్‌స్క్రీన్ రాయాలని, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలని ఆమె రెండుసార్లు చెప్పి పంపింది.

వీధిలోకి వచ్చిన అమ్మాయి ముఖం తెల్లబడలేదు. కానీ నవ్వితే పెదవి పక్కన మంట లేదు. లోపల పద్దు పుస్తకంలో మాత్రం రావాల్సిన దాంట్లో సగమే పడింది.