కంకరరాయికీ కొలత ఉంది

పాకాల రైల్వే జంక్షన్ నమూనాను బల్ల మీద కట్టుకోవాలన్నది నా చిరకాల కోరిక. ఆ కోరికతోనే తొందరపడ్డాను. ఇంజను, పెట్టెలు ముందు కొనేశాను. పట్టాలు, నేల సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాను. చేసిన పొరపాటల్లా అదే. మిగతావన్నీ దాని వెంట వచ్చినవే.

నేను ఎంచుకున్నది ఎన్ స్కేలు. అందులో ప్రతిదీ అసలులో 160వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య ఎడం (గేజి) 9 మి.మీ. గేజి 1435 మి.మీ. ఉన్న దేశాలకు ఆ లెక్క సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. కాబట్టి పదిన్నర మి.మీ. రావాలి. ఒకటిన్నర మి.మీ. తేడా ఎవరికి కనబడుతుందిలే అనుకున్నాను. పెట్టెను పట్టాలకెక్కించగానే కనబడింది. పట్టా ఎత్తులో తేడా మరీ ఎక్కువ. మీటరుకు 60 కిలోల రకం పట్టా ఎత్తు 172 మి.మీ. ఆ లెక్కన నమూనాలో ఒక మి.మీ. పైచిలుకు ఉంటే చాలు. నేను కొన్న కోడ్ 80 పట్టా ఎత్తు 2 మి.మీ., అంటే దాదాపు రెట్టింపు.

కంకర కోసం ఆవాలు పోసి ఫెవికాల్‌తో అంటించాను. రెండు మి.మీ. ఆవగింజను 160 రెట్లు పెంచితే 32 సెం.మీ. బండరాయి అవుతుంది. రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. దాకా ఉంటుంది. అంటే నమూనాలో అన్నిటికన్నా పెద్ద రాయి కూడా 0.4 మి.మీ. మించకూడదు. ఆవాలన్నీ గోకి తీసేశాను. క్రషర్ డస్టును టీ జాలీలో జల్లించి, కిందికి రాలినదాన్ని పలచటి గుడ్డలో మళ్ళీ జల్లించి, దుమ్ము పోగా గుడ్డలో మిగిలింది వాడాను. అంతకుముందే అందులో అయస్కాంతం తిప్పాలి. ఇనుప రేణువులు మోటారులోకి చేరితే ఇంజను పాడవుతుంది. స్వర్ణముఖి నది ఇసుక తెచ్చుకున్నా ఇదే జాగ్రత్త.

నేల రంగులోనూ తప్పాను. నేను చల్లిన దిగుమతి గడ్డిపొడిది ఐరోపా పచ్చిక రంగు. తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా పాకాల వెళ్ళే దారిలో కనబడేది ఎర్రమట్టి, గుండురాళ్ళు, సీమతుమ్మ, మామిడితోపులు, వేసవిలో ఎండిపోయిన గడ్డి. మన ఊరి మట్టినే జల్లించి చల్లాక గానీ అది మన నేల అనిపించలేదు.

ఇప్పుడు మళ్ళీ మొదలుపెడితే 16.5 మి.మీ. పట్టా తీసుకుని నూరో వంతు స్కేలులో కడతాను. అప్పుడు గేజి 1650 మి.మీ.కు వస్తుంది, మన బ్రాడ్ గేజికి చాలా దగ్గర. 60 సెం.మీ. ఎడంతో ఉండే స్లీపర్లు 6 మి.మీ. ఎడంతో పడతాయి. పెట్టెలు మాత్రం సొంతంగా చేసుకోవాలి. మీటర్ గేజి రోజుల పాకాల కావాలనుకునేవారికి 9 మి.మీ. పట్టా మీద 111వ వంతు స్కేలు సరిగ్గా కుదురుతుంది.

ఈ పని మొదలుపెట్టేవారికి నా మాట ఒక్కటే. ముందు లెక్క వేయండి, తర్వాతే కొనండి. కొలతల కోసం పట్టాల మీదికి దిగొద్దు, ప్లాట్‌ఫారం మీద నుంచి చూసినా చాలినంత తెలుస్తుంది. పట్టా, కంకర, మట్టి ఒక్క అడుగు మేర సరిగ్గా కుదిరేదాకా ఇంజను జోలికి పోకండి.