ఏడోనాడు వేములవాడ, తొమ్మిదోనాడు సిరిసిల్ల

దసరా సెలవులు ఇచ్చీ ఇవ్వగానే నలుగురం హైదరాబాదులో సిరిసిల్ల బస్సెక్కడం మా ఇంట్లో ఇరవై ఏళ్ళపాటు చెక్కుచెదరని ఆచారం. రెండు పెద్ద టిక్కెట్లూ, రెండు అర టిక్కెట్లూ. జూబిలీ బస్ స్టేషనులో కిటికీ పక్కసీటు కోసం పిల్లల తగవు మొదలై సిద్దిపేట దాకా సాగేది. అక్కడ బస్సాగినప్పుడు కొనిపెట్టే మిరపకాయ బజ్జీలతో సంధి కుదిరేది. ఈసారి మేమిద్దరమే ఎక్కాం. ఆడవాళ్ళకు బస్సుల్లో ఛార్జీ లేకుండా చేశారు కాబట్టి మా ఆవిడ చేతిలో సున్నా టిక్కెట్టు పెట్టి, కండక్టరు నా ఒక్కడి దగ్గరే డబ్బు పుచ్చుకున్నాడు. ప్రయాణం ఇంత చవగ్గా పడినందుకు సంతోషించవలసిందే. నాకెందుకో సంతోషం కలగలేదు.

సంగతేమంటే, మా అమ్మాయిని పోయిన వేసవిలో వేములవాడ ఇచ్చాం. అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం. "బాపూ, నాకు రెండు రోజులే సెలవు దొరికింది. సద్దులనాడు రాత్రికి వస్త, దసరా చేస్కొని పోత" అని ఫోనులో చెప్పాడు. ఎంగిలిపూల అమావాస్య మొదలు జమ్మి దాకా అన్ని రోజులూ మా ఇంటనే ఉండాలని నా పట్టు. నేను రెండు రోజులు మాట్లాడకుండా కూర్చున్నాను. బతుకమ్మ పండుగలో ఆరోనాడు బతుకమ్మ అలుగుతుందని ఆ రోజు పేర్చరు. మా ఇంట్లో ఈసారి నేను ముందుగానే అలిగానని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పింది.

"పిల్లలు పెద్దగయిండ్రు. మీరింక అర టిక్కెట్టు లెక్కనే చూస్తరా?" అని నన్నూ అడిగింది.

సిరిసిల్ల చూడనివారికి ఒక మాట. మానేరు ఒడ్డున ఉన్న నేతగాళ్ళ ఊరు. 2016లో జిల్లా కేంద్రమయింది. మగ్గాలుండే ఇళ్ళలో ఇప్పుడు మరమగ్గాలున్నాయి. వాటిని మేము సాంచాలంటాం. వీధిలో అడుగు పెట్టగానే టకటక మొదలవుతుంది. మా పిల్లలకు చిన్నప్పుడు మొదటి రాత్రి ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. పండుగ అయి హైదరాబాదు వెళ్ళాక ఆ చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు ఇక్కడ నేయించడం మొదలుపెట్టాక కొన్నేళ్ళు పండుగ ముందర రాత్రింబవళ్ళు సాంచాలు నడిచాయి. ఆ పని ఉన్న ఏడు ఊరి ముఖమే వేరుగా ఉండేది.

మా అన్నకు నాలుగు సాంచాలున్నాయి. చిన్నతనంలో పని వెతుక్కుంటూ భీవండి వెళ్ళి, పదకొండేళ్ళుండి తిరిగి వచ్చినవాడు. సిరిసిల్లలో భీవండికో, షోలాపూరుకో, సూరతుకో మనిషిని పంపని నేతగాళ్ళ ఇల్లు అరుదు. నా గోడు ఆయనతో వెళ్ళబోసుకుంటే కండె మారుస్తూనే విన్నాడు.

"నేను భీవండిల ఉన్నన్నేండ్లు ఎన్ని దసరాలకు వచ్చిన? మూడో, నాలుగో. నువ్వు హైదరాబాదుల సదువుకుంట పరీక్షలని రాకపోతివి. గంతమాత్రానికి అవ్వ బతుకమ్మ పేర్చుడు బంద్ పెట్టిందా?"

నేను పరీక్షల సంగతి పూర్తిగా మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు.

ఇంతలో అమ్మాయి కబురు: "ఏడోనాడు మీరిక్కడికి రాండ్రి. తొమ్మిదోనాడు నేనక్కడికి వస్త." వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడోనాడే ఆడతారు. సిరిసిల్లలో తొమ్మిదోనాడు. మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లే. ఆడపిల్లలు అత్తవారింట ఒక సద్దులు, తల్లిగారింట ఒక సద్దులు ఆడుకోవడానికే పెద్దలు ఇలా పెట్టారని మా వైపు చెప్పుకుంటారు. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే. మా ఇంటికి పనికొస్తుందని మాత్రం ఎన్నడూ తోచలేదు.

అయినా వెళ్ళడానికి వెనకాడాను. పండుగపూట బిడ్డ అత్తవారింట కూర్చుని భోజనం చేయడమేమిటని మా అమ్మ అనేది. తీరా వెళితే వియ్యంకుడు తన పడక్కుర్చీ నాకిచ్చి, తాను చాపమీద కూర్చున్నాడు. ఇద్దరికీ సుఖం లేకపోయింది.

పొద్దున రాజరాజేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. ధర్మగుండం, కోడె మొక్కు తీర్చుకునే జనం, ప్రాంగణంలోనే దర్గా. అన్నీ మా పిల్లలకు ఏటేటా చూపించినవే. ఈ ఊళ్ళో చాళుక్యులు ఏలారనీ, పదో శతాబ్దిలో రెండవ అరికేసరి ఆస్థానంలో పంప మహాకవి కన్నడంలో భారతం చెప్పాడనీ నేను మొదలుపెట్టేసరికి, మా అల్లుడు వినయంగా తక్కినదంతా తానే చెప్పాడు. అతను బడిపంతులు. మా అబ్బాయి ఈ ఘట్టంలో ఎప్పుడూ జారుకునేవాడు.

సాయంకాలం మూలవాగు దగ్గర బతుకమ్మలు ఆడారు. మా అమ్మాయి వాళ్ళ అత్తగారి పక్కన, తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి వరసలు పెట్టిన పెద్ద బతుకమ్మను నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఎరుపు గునుగు ఎక్కడ, తెలుపు ఎక్కడ అని ప్రతి ఏడూ వాళ్ళ పెద్దమ్మతో పోట్లాడే పిల్ల, ఈసారి అత్తగారు పెట్టిన చోటల్లా సరేననింది కాబోలు. లేక ఆవిడే ఈ పిల్ల మాట విన్నదో? వరసలు మాత్రం అచ్చంగా మా ఇంటివే. నేను అడగలేదు.

తొమ్మిదోనాడు తెల్లవారుజామున తంగేడు పూవు తేవడానికి మా అన్నా, నేనూ వెళ్ళాం. ఇది అబ్బాయి పని. సంచి వాడే పట్టేవాడు. ఈసారి సంచి నేను పట్టాను, ముళ్ళు కూడా నాకే గుచ్చుకున్నాయి. పదకొండు గంటలకు అమ్మాయి దిగింది. వచ్చీ రాగానే వాళ్ళ పెద్దమ్మతో గునుగు రంగు దగ్గర తగవు పెట్టుకుంది. ఆ గొంతు వినగానే నేను లోపలికి పోయి పడుకున్నాను, హాయిగా నిద్ర పట్టింది.

పొద్దుగూకి మానేటికి వెళ్ళాం. ఒకప్పుడు ఇక్కడ ఇసుకే. మా పిల్లలు చెలిమెలు తవ్వి, ఊరిన నీళ్ళను దోసిట పట్టుకునేవారు. మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు జలాశయం నిండాక నీరు ఊరిదాకా వెనక్కి తన్నింది. చెలిమెల ఆట ఇక లేదు. ఆ నీటికింద ఊళ్ళే మునిగాయి, చెలిమెల కోసం ఏడవడమేమిటి?

అబ్బాయి వచ్చేసరికి బతుకమ్మలు సాగనంపి ఇళ్ళకు చేరాం. సంచి గుమ్మంలో పడేసి, "మలీద మిగిలిందా?" అన్నాడు. వాళ్ళమ్మ దాచిన ముద్దలు ముందు పెట్టింది. అక్క ఒకటి లాక్కుంది. ఇరవై ఆరేళ్ళవాడు లబోదిబోమన్నాడు.

దసరానాడు సాంచాలన్నీ ఆగి, వీధి వింతగా నిశ్శబ్దంగా ఉంది. జమ్మి తెచ్చి నా చేతిలో పెట్టి, అబ్బాయి కాళ్ళకు మొక్కాడు. రాత్రి బస్సుకు వాడూ, మర్నాడు అమ్మాయీ వెళ్ళిపోయారు.

మేమిద్దరం ఇంకో రెండు రోజులున్నాం. పిల్లలు లేకుండా ఆ ఇంట్లో ఉండడం మాకదే మొదలు. మా అన్న సాంచాలు నడిపించాడు. సాయంకాలం మానేటి గట్టుకు నడిచాం. నీటి అంచున గునుగుపూలు ఇంకా రంగు పోకుండా రాళ్ళకు తగులుకుని ఉన్నాయి.

"వచ్చేయేడు అల్లున్ని కూడ తొమ్మిదోనాటికి రమ్మనాలె" అంది మా ఆవిడ. "వియ్యంకుడికి మంచి కుర్చీ ఒకటి చూడుండ్రి."