దూరపు ఈత

ఈత వచ్చుట వేరు, దూరము ఈదుట వేరు. మొదటిదానికి బాహుబలము చాలును; రెండవదానికి మనోనిబ్బరమును గావలయును.

విజయవాడ కడ, 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణానది నిలుకడగా నుండును. ప్రవాహము మోయదు గనుక ప్రతి బారయు స్వయంకృషియే. అచట 5 కిలోమీటర్లు ఈదుట ఆనాటి మా సాధన. కాపుగా పడవ ప్రక్కనే వచ్చుచుండెను. 3 కిలోమీటర్లు దాటునప్పటికి భుజములు బరువెక్కెను. చేయి చాచినచో పడవ అంచు అందును. అదియే మాకు పెద్ద పరీక్ష యయ్యెను. క్షణకాలము వెల్లకిల తేలి ఊపిరి కుదుటపరచుకొంటిమి.

అప్పుడు ఆరతీ సాహా జ్ఞప్తికి వచ్చెను. ఆమె 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానెలును ఈదబోయి, తీరము చేరువలోనే విరమింపవలసివచ్చెను. సెప్టెంబరు 29న మరల దిగి, 16 గంటల 20 నిమిషములలో దాటి, ఆసియా వనితలలో ప్రథమురాలయ్యెను.

మేమును గట్టువైపు చూచుట మాని బారలు లెక్కింపసాగితిమి. నూరు కాగానే మరల ఒకటి. అట్లు లెక్కించుచుండగా మిగిలిన దూరము తలపునకు రాలేదు. కడకు పాదములకు ఇసుక తగిలెను. మాలో నొక్కరును పడవ నెక్కలేదు.

సహాధ్యాయులారా, పడవ తోడు లేక ఎవ్వరును ఇట్టి సాధనకు దిగరాదు. అలసట తోచినంతనే దాని నెక్కనురాదు.